అలసట మర్మమును గనుగొన్న ఆంధ్రుడు: డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మనుష్యుల యనుభవములలో అలసటవలె అందఱెఱిగినది లేదు. అలసటవలె అపార్థము చేసికొనబడినదియు లేదు. కళింగపట్నపు సముద్రపుటొడ్డున రెండు వరుసలుగా నిలిచి పెద్దవల త్రాళ్లు లాగు జాలరులను మన విద్యార్థులు చూచియే యుందురు. వల యొడ్డు చేరునప్పటికి వారి భుజములు వణకును, పాదములు ఇసుకలో గూరుకొనును, పిడికిటి పట్టు సడలును. చూచువారిలో నొకడు పాపము అలసినారనును, మఱియొకడు సోమరులనును. ఈ యిద్దఱిలో నెవరిది సత్యమో తేల్చుటకు చిరకాలము కొలబద్ద లేకుండెను. జ్వరమునకు థర్మామీటరు గలదు, బరువునకు త్రాసు గలదు. అలసటకు మాత్రము అలసినవాని మాటయే సాక్ష్యము. ఆ మాటను పని చేయించువాడు నమ్మిన నమ్మెను, లేకున్న లేదు.

నేడు అట్టి కొలబద్ద రూపొందుచున్నది. మణికట్టునకు, రొమ్మునకు, తొడకు ధరింపదగిన చిన్న చిన్న సెన్సార్లు గుండె కొట్టుకొను వేగమును, కండరములలోని విద్యుత్తును, అడుగుల తీరును గుర్తించి, తీగ లేకుండనే యొకదానితో నొకటి సంభాషించుచు, ధరించినవాడు ఎంత అలసెనో చెప్పుటకు ప్రయత్నించుచున్నవి. ఆటగాండ్రకు, సైనికులకు, కర్మాగారములలోని పనివారికి, రాత్రివేళ వాహనములు నడుపువారికి ఇవి యుపయోగపడవలెనని అనేక దేశముల శాస్త్రజ్ఞులు పాటుపడుచున్నారు. అయితే ఈ పరికరములు పైనుండి వెదకుచున్న రహస్యము కండరము లోపల నున్నది. అలసిన కండరములో జరుగునదేమియో ప్రపంచమునకు మొట్టమొదట చూపిన కొలదిమందిలో నొకరు మన తెలుగువారు. వారే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారిని ఔషధముల సృష్టికర్తగా పలువురెఱుగుదురు. మేము వారి చరిత్రమును అలసట యను ఈ ద్వారముగుండ చెప్పదలచితిమి.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాలుగవవారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్నయుద్యోగి. అనారోగ్యముచే ఆయన యుద్యోగమును కాలము నిండకముందే విడువవలసివచ్చెను. ఇంట కలిమి తక్కువ, తినువారు ఎక్కువ. బాలుని మనస్సు చదువుపై నిలువక సంపాదనపైకి పోయెను. పదుమూడేండ్ల ప్రాయమున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి బయలుదేఱెననియు, తల్లి మార్గమధ్యముననే పట్టి తెప్పించి మఱల బడిలో గూర్చుండబెట్టెననియు చెప్పుదురు. ఆ తల్లి కాఠిన్యమే లేకున్న నేటి మన కథయు లేకపోవును.

బడిలో గూర్చున్నంతమాత్రమున పరీక్ష కృతార్థమగునా? రాజమహేంద్రవరమున చదివిన సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పిరి. ఇంతలో తండ్రి కాలధర్మము నొందెను. తల్లి ధైర్యము విడువక కుమారుని మదరాసునకు బంపెను. అచ్చటి హిందూ హైస్కూలునుండి మూడవమారు పరీక్షకు గూర్చుండి కృతార్థులైరి. ఫలితముల పట్టికలో తమ సంఖ్య గానక కన్నీరు నించు విద్యార్థులు ప్రతియేట మాకు గనబడుచుందురు. వారికి మేము ఈ సంగతిని ప్రత్యేకముగా జ్ఞాపకము చేయుచున్నాము. రెండుమారులు తప్పిన ఆ బాలుడు కనుగొన్నదానినే నేడు లోకములోని జీవశాస్త్ర గ్రంథములన్నియు పాఠముగా జెప్పుచున్నవి.

పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో నింటర్మీడియట్ ముగించిరి. ఆ దినములలో సన్న్యసించి రామకృష్ణ మిషనులో జేరవలెనను కోరిక వారికి గలిగెను. తల్లి యొప్పుకొనలేదు. రోగులకు సేవ చేయుటయు దైవసేవయే యను భావము వారి మనస్సున నాటుకొని, మదరాసు వైద్య కళాశాలలో బ్రవేశించిరి. మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. 1919లో సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహమయ్యెను.

అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మాఱుమ్రోగుచున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు దుస్తులు ధరించి పోయిరి. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా నుత్తీర్ణులైనను, వారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. ఈ చిన్నపట్టము కారణముగా ప్రభుత్వ వైద్యశాఖ ద్వారములు వారికి మూసికొనెను.

ఇంతకన్న పెద్దదెబ్బ ఇంటిలో తగిలెను. స్ప్రూ యను వ్యాధి అప్పుడు మనదేశమున ప్రబలియుండెను. ఈ రోగికి తిన్న యన్నము ఒంటబట్టదు. ప్రేవులు ఆహారసారమును గ్రహింపలేవు, రక్తము పలుచనగును, మనుష్యుడు దినదినము కృశించి, లేచి నాలుగడుగులు వేయుటకు గూడ శక్తి చాలక మంచము పట్టును. ఈ వ్యాధికే సుబ్బారావుగారి సోదరులలో నిద్దఱు స్వల్పకాలములో బలియైరి. తాము కూడ దాని వాతబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రదికి బయటపడిరి. అనంతరము మదరాసులోని ఆయుర్వేద కళాశాలలో ఉపాధ్యాయులుగా బనిచేసిరి. కాని తమ సోదరులను హరించిన వ్యాధికి కారణమేమియో, దాని కౌషధమేమియో కనుగొనవలెనను పట్టుదల వారిని నిద్రపోనీయలేదు. అందులకు వలసిన ప్రయోగశాలలు విదేశములందుండెను.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ సహాయము చేయుటకు మాట యిచ్చెను. మామగారు కొంతధనము సమకూర్చిరి. ఆ యండతో సుబ్బారావుగారు ఓడనెక్కి అమెరికాలోని బోస్టను నగరము చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల విభాగములో విద్యార్థియైరి. భార్యను పుట్టినింట విడిచి పోయిరి. మఱల స్వదేశమును జూచు భాగ్యము వారికి గలుగలేదు.

పరదేశములో జేతనున్న ధనము త్వరలోనే కరగిపోయెను. మనదేశపు వైద్యపట్టము అచ్చట చికిత్స చేయుటకు చెల్లదు. అందుచే నొక యాసుపత్రిలో రాత్రివేళ సేవకునిగా జేరి, రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపఱచుచు పొట్టపోసికొనిరి. పగలు చదువు, రాత్రి చాకిరి. అలసట యననేమియో గ్రంథములలో జదువుటకు మునుపే వారు దేహమున నెఱిగిరి. డిప్లొమా పొందిన పిదప హార్వర్డు వైద్య కళాశాలలోని జీవరసాయన విభాగమున బ్రవేశించి, అచ్చట సైరస్ ఫిస్కే యను నాచార్యునితో గలిసి పనిచేయసాగిరి.

వారు చేసిన పనిని గ్రహించుటకు ముందు, అలసటను గుఱించి ఆనాటి శాస్త్రము ఎంతవఱకు వచ్చెనో తెలిసికొనుట యవసరము. ఇటలీ దేశమున టూరిన్ నగరములో ఆంజెలో మోస్సో యను శాస్త్రజ్ఞుడు ఎర్గోగ్రాఫు అను నొక యంత్రమును నిర్మించెను. చేతిని కదలకుండ బిగించి, ఒక్క వ్రేలితో దారమునకు గట్టిన బరువును మాటిమాటికి లేవనెత్తవలెను. ప్రతిసారియు బరువు ఎంత యెత్తు లేచెనో యంత్రము కాగితముపై గీయును. మొదట గీతలు పొడుగుగా నుండి, క్రమముగా కుఱుచయై, తుదకు వ్రేలు కదలకుండును. విద్యార్థులను వరుసగా మౌఖికపరీక్ష చేసి వచ్చిన ఆచార్యుని వ్రేలు కూడ మామూలుకంటె త్వరగా నలసినదని మోస్సో చూపెను. బుద్ధి యలసిన దేహమును అలయునన్నమాట. ఈ విషయములన్నియు ఆయన 1891లో గ్రంథముగా బ్రకటించెను. ఈ విధముగా అలసటకు బయటి కొలత దొరకెను; లోపలి కారణము మాత్రము దొరకలేదు.

పిమ్మట ఇంగ్లండులో హిల్, జర్మనీలో మేయర్‌హోఫ్ అను నిద్దఱు కండరముల పనిని శోధించి 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానమును బడసిరి. కండరములో నిలువయుండు గ్లైకొజెన్ అను పిండిపదార్థము లాక్టిక్ ఆమ్లముగా మాఱుచుండగా ఆ మార్పువలననే కండరము ముడుచుకొనుననియు, ఆ యామ్లము పేరుకొనుటయే అలసటకు గారణమనియు విద్వాంసులు నమ్మిరి. అట్టి నమ్మకము స్థిరపడియున్న దినములలో మన సుబ్బారావుగారు ఫిస్కేగారి ప్రయోగశాలలో గాజుగొట్టముల నెదుట నిలిచిరి.

వారికి మొదట అప్పగింపబడిన పని చూచుటకు చిన్నది. రక్తములోను కండరములోను భాస్వరము, అనగా ఫాస్ఫరసు, ఎంత యున్నదో సులభముగా గొలుచు మార్గము గావలెను. ఫాస్ఫేటు గల ద్రవములో మాలిబ్డేటు అను రసాయనమును జేర్చి, పిదప మఱియొక ద్రవ్యము గలిపిన యెడల ద్రవము నీలవర్ణము దాల్చును. ఫాస్ఫేటు ఎంత హెచ్చుగా నున్న నీలము అంత చిక్కనగును. రంగును జూచి పరిమాణమును జెప్పవచ్చును. ఫిస్కే, సుబ్బారావుగార్ల పేర్లతో 1925లో వెలువడిన ఈ పద్ధతి ప్రపంచమందంతట ప్రయోగశాలలలో వ్యాపించెను.

ఈ పద్ధతిని కండరపు రసముపై బ్రయోగించునప్పుడు ఒక వింత కనబడెను. మామూలు ఫాస్ఫేటుతో వెంటనే రావలసిన నీలిరంగు, కండరపు రసముతో వెంటనే పూర్తిగా రాక, నెమ్మది నెమ్మదిగా ముదురుచుండెను. మఱియొకడైనచో రసాయనము పాడైనదని పాఱబోసి, క్రొత్తది కలిపికొనియుండును. వీరు ఆ యాలస్యమునకు గారణమును వెదకిరి. కండరములో ఫాస్ఫేటు క్రియాటిన్ అను పదార్థముతో బంధింపబడి యొక సున్నితమైన సమ్మేళనముగా నున్నదనియు, పరీక్షాద్రవములోని యామ్లమునకు ఆ బంధము మెల్లమెల్లగా విడిపోవుటచేతనే రంగు మెల్లగా వచ్చుచున్నదనియు తేలెను. ఆ సమ్మేళనమే ఫాస్ఫోక్రియాటిన్. ఇది 1927లో లోకమునకు వెల్లడియయ్యెను. దాదాపు అదే సమయమున ఇంగ్లండులో ఎగల్‌టన్ దంపతులు కూడ దీని జాడను స్వతంత్రముగా బట్టిరి.

దీని మహత్త్వ మెట్టిదో వినుడు. కండరమును ఉత్తేజపఱచి పనిచేయించినప్పుడు ఈ పదార్థము తఱుగుచున్నది. విశ్రాంతి నిచ్చినప్పుడు మఱల నిండుచున్నది. నిండుబిందెతో పని ప్రారంభించి, వట్టిబిందెతో ఆగి, ఆగినంతసేపు బిందె నింపుకొనుటయే కండరముయొక్క ధర్మము. రెండేండ్ల పిమ్మట, 1929లో, వారిద్దఱు కండరమునుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను మఱియొక పదార్థమును వేఱుపఱచిరి. జర్మనీలో లోమన్ అను నాయన కూడ ఆ సంవత్సరమే దానిని గనుగొనెను. మన పిల్లలు సైన్సు పాఠములో ఎ.టి.పి. యని వల్లించునది ఇదియే. సమస్త ప్రాణులకును శక్తిని చెల్లించు నాణెము ఇది. చేతిలోని నాణెములు రెండుమూడు క్షణములలో వ్యయమగును. వెంటనే ఫాస్ఫోక్రియాటిన్ అను ప్రక్కసంచి వానిని నింపును. అదియును తీవ్రమైన శ్రమలో ఇంచుమించు 10 సెకండ్లకే క్షీణించును. పిమ్మట గ్లైకొజెన్, క్రొవ్వు అను పెద్దగాదెలనుండి నెమ్మదిగా శక్తి రావలెను. పరుగుపందెములో మొదటి 100 గజములు బాణమువలె పోయిన బాలుడు పిదప ఏల మందగించునో ఇందువలన దెలియును.

1930లో డెన్మార్కు దేశీయుడగు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ విషముచే నిరోధింపబడిన కండరము కూడ ఫాస్ఫోక్రియాటిన్ వ్యయముతో ముడుచుకొనగలదని చూపెను. దానితో పాత సిద్ధాంతము కూలెను. నేటి శాస్త్రజ్ఞులు మఱియొక మెట్టు ఎక్కి, తీవ్రశ్రమలో ఫాస్ఫోక్రియాటిన్ విడిపోగా మిగులు ఫాస్ఫేటు కండరములో పేరుకొనుటయే పట్టు సడలుటకు ముఖ్యకారణములలో నొకటియని చెప్పుచున్నారు. ఏ ఫాస్ఫేటును నీలిరంగుతో సుబ్బారావుగారు కొలిచిరో, అలసట జాడ అందే బయటపడుట మిక్కిలి చిత్రము. 1927లోనే అదే హార్వర్డు విశ్వవిద్యాలయమున అలసటకొఱకే ప్రత్యేకముగా నొక ప్రయోగశాల వెలసి 1947 వఱకు పనిచేసెను. అచ్చట మనుష్యులను నడుచు పట్టాలపై పరుగెత్తించి, ఎండకును ఎత్తైన కొండలకును గొనిపోయి పరీక్షించిరి. ఒకచోట మనుష్యుని బయటినుండియు, ఒకచోట కండరమును లోపలినుండియు శోధించుచుండిరి. ఆ రెండు మార్గముల కలయికయే నేటి ధరించు సెన్సారు.

ఇప్పుడు ఆ సెన్సార్ల సంగతి చెప్పుదుము. ఫాస్ఫోక్రియాటిన్ తఱుగుటను బ్రదికియున్న మనుష్యుని కండరములోనే, కోత లేకుండ, గొప్ప అయస్కాంతయంత్రముల సహాయమున నేడు చూడవచ్చును. కాని గదినిండ నుండు ఆ యంత్రమును ధరించి వల లాగుట యెట్లు? అందుచే ధరింపదగిన చిన్న పరికరములు అలసటను నేరుగా జూడక, దాని నీడలను బట్టుకొనుచున్నవి. మణికట్టు గడియారము క్రిందినుండి ఆకుపచ్చని వెలుగును చర్మములోనికి బంపి, నెత్తురు పొంగి తగ్గుటనుబట్టి గుండెవేగమును లెక్కించును. చర్మముపై నంటించిన బిళ్లలు కండరములోని విద్యుత్తరంగములను వినును. కండరము అలసినకొలది ఆ తరంగముల కదలిక మందగించును. కదలికను గొలుచు మఱియొక సెన్సారు అడుగు తడబడుటను, చేయి వణకుటను గుర్తించును. గుండెవేగము భయముచే గూడ హెచ్చును. అడుగు ఇసుకలో గూడ తడబడును. ఏ యొక్క సాక్షిని నమ్మినను పొరపాటు పడుదుము. పలువురు సాక్షులను గలిపి విచారించిన సత్యము తేలును. ఈ సాక్షుల కూటమినే దేహముపై సెన్సార్ల వల యని చెప్పవచ్చును. ఇట్టి వలలకు అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థయగు ఐ.ఇ.ఇ.ఇ. 2012లో 802.15.6 అను సంఖ్యతో ప్రత్యేక నియమావళిని బ్రకటించెను.

ఈ వలకు గల పెద్దచిక్కు శక్తియే. పెద్దబ్యాటరీ పెట్టిన పరికరము బరువై, అలసటను గొలుచుటకు బదులు అలసటను గలిగించును. నాణెమంత బ్యాటరీ పెట్టిన త్వరలో ఆరిపోవును. సాధారణముగా ఈ పరికరములలో మిక్కిలి శక్తిని తినునది రేడియో. అనగా తెలిసికొన్నదానిని గాలిలో పంపుట. అందుచే ఇంజనీర్లు మూడు పొదుపులను నేర్చిరి. మొదటిది, పరికరము ఎల్లప్పుడు మేలుకొనియుండక, కాలములో హెచ్చుభాగము నిద్రించి, క్షణకాలము లేచి, చూచి, మఱల నిద్రించుట. ఆకుపచ్చని దీపము కూడ నిరంతరము వెలుగక మినుకుమినుకుమనును. రెండవది, విన్నదంతయు పంపక, అచ్చటికచ్చటనే లెక్క చూచికొని, ఫలితమును మాత్రము పంపుట. ఉత్తరము వ్రాయవలసినచోట టెలిగ్రాము నిచ్చినట్లు. మూడవది, మనుష్యుడు కూర్చుండియున్నప్పుడు అరుదుగాను, శ్రమించునప్పుడు తఱచుగాను చూచుట. దేహపు వేడినుండియు కదలికనుండియు కొంచెము విద్యుత్తును పుట్టించుకొను మార్గములను గూడ వెదకుచున్నారు.

విద్యార్థులు ఒక్కక్షణము నిలిచి ఆలోచింతురుగాక. చేరువలో చిన్నసంచి, దూరమున పెద్దగాదె. పని లేనప్పుడు పొదుపు, పని యున్నప్పుడు వ్యయము. విశ్రాంతిలో మఱల నింపుకొనుట. ఇంజనీర్లు సెన్సారునకు నేర్పుచున్న ఈ మితవ్యయమును మన కండరము ముందుగానే నడపుచున్నది. 1927లో సుబ్బారావుగారు చదివినది ఈ లెక్కలపుస్తకమునే.

మఱల వారి కథలోనికి వత్తము. ఇంతటి పని చేసి, 1930లో పిహెచ్.డి. పట్టమందినను, హార్వర్డునందు వారికి స్థిరమైన పదవి లభింపలేదు. పేరుకొఱకు పెనగులాడుట వారి స్వభావము కాదు. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ ప్రయోగశాలలలో జేరి, త్వరలోనే పరిశోధనలన్నిటికి అధ్యక్షులైరి. అచ్చట వారి నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా దయారు చేయబడెను. అది స్ప్రూ రోగులకు ప్రాణము పోసెను. సోదరులను బలిగొన్న శత్రువును, ఇంచుమించు పాతికయేండ్ల తరువాత, ఆ విధముగా జయించిరి. ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిన్ అను మందు కూడ ఆ ప్రయోగశాలలనుండియే వచ్చెను. బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు దానిని రక్తపు క్యాన్సరుతో మరణించుచున్న పిల్లల కిచ్చి, కొందఱికి తాత్కాలికముగానైన నుపశమనము గలిగించెను. క్యాన్సరునకు మందులతో చికిత్స చేయు మార్గమునకు అది తొలి యడుగులలో నొకటి. ఆరియోమైసిన్ అను రోగక్రిమినాశకౌషధమును వారి సంస్థలోనే బెంజమిన్ డగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు కనుగొనెను.

మన ప్రాంతమునకు మఱింత దగ్గఱ సంగతి యొకటి గలదు. బోదకాలు వ్యాధి ఈ ఉత్తరకోస్తా జిల్లాలను చిరకాలముగా బీడించినది. కాలు ఏనుగుకాలువలె వాచిన పనివాడు పొలములో నిలువలేడు, పడవ నెక్కలేడు. చేతులలో బలమున్నను కాలు సహకరింపదు. ఈ వ్యాధిని గలిగించు సన్నపురుగులపై బనిచేయు హెట్రజాన్, అనగా డైఎథైల్ కార్బమజైన్, సుబ్బారావుగారి ప్రయోగశాలలనుండి 1947లో వెలువడెను. భారతప్రభుత్వము 1955లో ప్రారంభించిన ఫైలేరియా నియంత్రణ కార్యక్రమమునకు ఈ మందే ముఖ్యాయుధమయ్యెను. ఆరోగ్యశాఖవారు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఇంటింటికి వచ్చి మ్రింగించిన బోదకాలు మాత్రలు ఈ మందువే. ఆ మాత్రను మ్రింగినవారిలో దానివెనుక నొక తెలుగువాడు గలడని యెఱిగినవారెందఱో మాకు సందేహమే.

1948వ సంవత్సరము ఆగష్టు మాసమున ఒక రాత్రి సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రించి, మఱల లేవలేదు. గుండె యాగినది. అప్పటికి వారి వయస్సు 53 సంవత్సరములు. స్వాతంత్ర్యము వచ్చి ఒక సంవత్సరమైన కాలేదు. స్వతంత్రభారతమును వారు కన్నులార జూడలేదు. వారి పేరు చాలకాలము మఱుగున బడియుండెను. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలాశాఖ వారి చిత్రముతో బిళ్లను వెలువరించెను.

వీరి చరిత్రమునుండి పట్టుదలను నేర్చికొనుడని పిల్లలకు జెప్పుట సులభము, అది సత్యమును. కాని మేము దానితో నాగదలచుకొనలేదు. పగటిని రాత్రిని గలిపి పనిచేసిన ఆ మహనీయుని దీక్షను మేము నమస్కరించి కొనియాడుచున్నాము. అయినను వారు మనకిచ్చిన సత్యము వారి నడవడికకంటె గూడ గొప్పది. ఆ సత్యమేమనగా, అలసట సోమరితనము కాదు. అది కండరములో నొక పాత్ర వట్టిదగుట. విశ్రాంతి దొంగతనము కాదు. అది ఆ పాత్ర నిండుట. దీనిని తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును, పని చేయించువారును సమానముగా నెఱుగవలెను. పరీక్షలనాడు రాత్రంతయు మేలుకొనిన బాలుని మందలించుటకు ముందు మోస్సో యంత్రముపై కుఱుచయైన గీతలను తలచుకొనవలెను.

రాబోవు దినములలో పనివాని దేహముపై ఈ సెన్సార్ల వల వచ్చి చేరవచ్చును. అది ఎవరి మేలుకొఱకు అను ప్రశ్నను ఇప్పుడే యడుగుట మంచిది. వాని దేహమునుండి వచ్చిన సంగతి వానికే ముందుగా దెలిసి, ఇక నిలువుమని వానిని గాపాడిన యెడల అది థర్మామీటరువలె మిత్రుడు. సంగతి వానికి దెలియక, ఇంకను ఎంత పిండవచ్చునో చూచుటకు మేస్త్రీ చేతికి మాత్రమే చిక్కిన యెడల అదే కొరడా యగును. యంత్రము రెండుపనులకును సమానముగా లొంగును. ఏ పనికి వినియోగింపవలెనో నిర్ణయించువారు మనుష్యులే. నేడు మా యెదుట బల్లలపై గూర్చున్న ఈ బాలబాలికలలో కొందఱు రేపు ఆ యంత్రములను నిర్మింతురు, కొందఱు ధరింతురు, కొందఱు పని చేయింతురు.

ఆసుపత్రిలో రాత్రిపని చేసి, తెల్లవాఱి ప్రయోగశాలకు నడచిన మనుష్యుడు అలసట మర్మమును గనుగొనెను. ఆ మర్మమునుండి పుట్టిన కొలబద్ద అలసినవానికి సాక్ష్యమై నిలిచిననాడు ఆయన శ్రమ సంపూర్ణముగా ఫలించును.